మా నాన్న గురించి అడిగిన పాఠకులకు

చిలకలూరిపేట,
16 ఆగస్టు 1999

గౌరవనీయులైన సుబ్బరావమ్మ గారికి,

వందనాలు. ఈ ఉత్తరం ఇవాళే రాయాలి. ఎందుకంటే మా అమ్మ మా ఇంటి తలుపుకి నీలం రంగు వేయించింది.

మీకు నవ్వు రావచ్చు. మొదట నేనూ నవ్వాను. మీ ‘పైరగాలి’ వారపత్రిక పోటీలో నా కథకి బహుమతి వచ్చాక, పాఠకులు అడిగే సొంత ప్రశ్నలకు జవాబులు రాయమని మీరు నన్ను అడిగారు. మా ఇంట్లో బడి గుమ్మం తొక్కింది నేనే మొదలు. నన్నొకరు ‘మీకేమిష్టం, మీరెలా ఉంటారు’ అని అడగడం కూడా ఇదే మొదలు. అందుకని ప్రతి ప్రశ్నకీ నిజమే రాయాలని కూర్చుని రాశాను.

పిడుగురాళ్ళ నుంచి ఒకావిడ ‘మీ ఇల్లు ఎలా ఉంటుంది?’ అని అడిగారు. రెండు గదుల రేకుల ఇల్లనీ, తలుపు మా నాన్న పని చేసే చోట యంత్రం వచ్చిన పెట్టె చెక్కతో చేసిందనీ, దాని మీద ఇంగ్లీషు అక్షరాలు ఇంకా తలకిందులుగా కనిపిస్తాయనీ రాశాను. అచ్చులో మాత్రం ‘మా ఇంటికి నీలం తలుపు. దూరం నుంచి వచ్చేవాళ్ళకి ముందు అదే కనిపిస్తుంది’ అని ఉంది.

మార్టూరు దగ్గర మా పాలెంలో అచ్చులో పేరు పడ్డది నాదే. అందుకని ఆదివారం ఆరాధన అయ్యాక, ప్రకటనలప్పుడు, మా పాస్టరు ప్రకాష్ అయ్యగారు ఆ పేజీ పైకి చదివారట. అందరూ మా అమ్మ వైపు తిరిగారట. నేను శనివారం ఊరెళ్ళేసరికి తలుపు నీలం.

“ఏందమ్మా ఇది?” అన్నాను.

“అయ్యగారు బల్ల కాడ నిలబడి చదివినాడు. నా కూతురు అబద్ధాలకోరని పాలెమంతా అనుకోవాల్నా? రంగేగా, వేస్తే పోలా?” అంది మా అమ్మ ప్రేమమ్మ.

మా నాన్న జక్రయ్య గ్రానైటు పాలిష్ మిల్లులో చేస్తాడు. పని దిగి వచ్చి, వీధిలోనే నిలబడి తలుపు వంక చూశాడు. “అమ్మాయ్, ఇది మన ఇల్లేనా?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ నేను వెళ్ళి చెయ్యి పట్టుకునేదాకా లోపలికి రాలేదు.

నా జవాబులు నేను రాసినట్టే వేయమని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

మీ
ఎస్తేరు



గుంటూరు,
21 ఆగస్టు 1999

చి. ఎస్తేరుకు ఆశీస్సులు.

నీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. మా అటెండరు పీరు మన పత్రిక అట్ట నుంచి అట్ట దాకా వదలకుండా చదివే మనిషి. “ఆ తల్లి చల్లగా ఉండాలమ్మా” అన్నాడు. అచ్చులో చదివింది నిజం చేసి పెట్టే మనిషి ఏ పత్రికకి దొరుకుతుంది చెప్పు?

తలుపు మార్చింది నేనే. నీ పెట్టె చెక్క, తలకిందుల అక్షరాలు కథలో అయితే మెరుస్తాయి. ఈ శీర్షిక వేరు. వంట ముగించుకుని, కాళ్ళు చాపుకుని చదివే పేజీ ఇది. పద్దెనిమిదేళ్ళుగా నడుపుతున్నాను. పాఠకులకి జవాబు అక్కర్లేదమ్మా, మనిషి కావాలి. వాళ్ళు పిలిస్తే పలికే, వాళ్ళకి నచ్చే మనిషి. ఆ మనిషిని కాస్త కుట్టి, కాస్త కత్తిరించి ఇస్తాం. చీరకి అంచు వేసినట్టు అనుకో.

ఇంకో సంగతి. మన పేజీలు నాలుగు వారాల ముందే తయారై విజయవాడ ప్రెస్సుకి వెళ్ళిపోతాయి. నువ్వు పంపిన జవాబులన్నీ ఇప్పటికే సరిచేసి పంపేశాను. కాబట్టి రాబోయే వాటిలోనూ అక్కడక్కడ నా సూది కనిపిస్తుంది. కోప్పడకు.

పేజీ అడుగున ఉన్న కూపన్ కత్తిరించి అంటిస్తేనే ప్రశ్న తీసుకుంటామని నీకు తెలుసుగా. ఈ వారం నీ పేరు మీద వచ్చిన కూపన్లు సంచీలో పట్టలేదు. సంతోషించు.

మీ
సుబ్బరావమ్మ



చిలకలూరిపేట,
6 సెప్టెంబరు 1999

సుబ్బరావమ్మ గారికి,

వందనాలు. మీ సూది ఈసారి మా బావి దగ్గర కనిపించింది.

‘మీ ఊళ్ళో మీకు బాగా ఇష్టమైనదేది?’ అని అద్దంకి పాఠకుడు అడిగితే, పొద్దున్నే మిల్లు ముందు తడిసిన రాళ్ళ మీద ఆకాశం కనపడుతుందని రాశాను. ‘మా ఇంటి వెనక బావి. దాని నీళ్ళు కొబ్బరినీళ్ళలా తియ్యగా ఉంటాయి’ అని మీరు వేశారు.

మా బావి నీళ్ళు ఉప్పండి. బట్టలకీ గిన్నెలకీ తప్ప పనికిరావు. తాగే నీళ్ళు ట్యాంకరు తెస్తుంది. తలుపుకి రంగు వేసింది గానీ నీళ్ళకి మా అమ్మ ఏం వేస్తుందిలే అనుకుంటూ ఊరెళ్ళాను.

ఇంటి వెనక ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. ట్యాంకరు దగ్గర ఎవరూ లేరు. అమ్మ గ్లాసు నా చేతికిచ్చి “తాగు” అంది.

“ఏ నీళ్ళు?”

“మన బాయివే.”

తాగాను. తియ్యగా ఉన్నాయి. నిజంగా కొబ్బరినీళ్ళలాగే ఉన్నాయి. ఇంకో గ్లాసు అడిగి తాగాను.

అప్పుడే నాన్న మిల్లు నుంచి వచ్చాడు. ఆదివారాలు కూడా ఆయనకి పనే కాబట్టి ఆ పేజీ చదివినప్పుడు ఆయన చర్చిలో లేడు. దోసిట్లో పోసుకుని నోట్లో వేసుకున్నాడు. ఊసేశాడు. “ఇది ఉప్పు గదే! అందరికీ ఏం పుట్టింది?” అన్నాడు. చిన్నపిల్లవాడేదో అన్నట్టు ఒకావిడ నవ్వి బిందె ఎత్తుకుంది.

నాకు అనుమానం వచ్చి ఒక సీసాలో ఆ నీళ్ళు ఇక్కడికి తెచ్చాను. గదిలో నాతో పాటు ఉండే శ్రీదివ్య నేను పాఠాలు చెప్పే స్కూల్లోనే లెక్కల టీచరు. వారపత్రికలు ముట్టుకోదు. ఒక గుక్క తాగి కిటికీలోంచి ఊసింది. “ఏంటే ఇది, కల్లుప్పు కలిపావా? నామీద ప్రయోగాలా?” అని తిట్టింది. ఆ సీసాలోనే మిగిలినవి నేను తాగాను. నాకు తియ్యగానే ఉన్నాయి.

నాకు భయంగా ఉందండి. వినుకొండ నుంచి ఎవరో మా అమ్మానాన్నల గురించి అడిగారు. దానికి నాన్న గురించి పెద్ద జవాబు రాసి పంపాను. పాలిష్ కుదిరిందో లేదో తెలుసుకోవడానికి రాయి మీదికి వంగి తన కనుబొమలు లెక్కపెట్టుకున్నట్టు చూసుకుంటాడని రాశాను. అందులో ఏమీ మార్చలేదని నాకు ఒక్క ముక్క రాయండి.

ఎస్తేరు



గుంటూరు,
11 సెప్టెంబరు 1999

చి. ఎస్తేరుకు,

కార్డులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకు, ప్రత్యేక సంచిక పనిలో ఊపిరాడటం లేదు. నీ బావి గురించి చదివి నర్సరావుపేట నుంచి ఒక పెద్దాయన ఏడ్చానని రాశాడు. పల్లెలో అచ్చులో పడ్డ మాట నమ్మే నీళ్ళు కూడా ఉంటాయన్నమాట! బాగా నిద్రపో, ఎక్కువ ఆలోచించకు. నాన్నగారి గురించి నువ్వు రాసిన జవాబు చోటు చాలక కాస్త తగ్గించాం.

సు.



చిలకలూరిపేట,
4 అక్టోబరు 1999

సుబ్బరావమ్మ గారికి,

తగ్గించామన్నారు. మీరు వేసింది ఇది: ‘మా నాన్నగారు కాలం చేసి ఈ నవంబరుకి ఏడాది. ఆయన కళ్ళజోడు ఇంకా గూట్లోనే ఉంది. అమ్మ రోజూ దాన్ని తుడిచి పెడుతుంది.’

మా నాన్న బతికే ఉన్నాడండి. ఆయనకి కళ్ళజోడు లేదు.

ఈసారి పేజీలో తన గురించి ఉంటుందని అమ్మ చెబితే, మిల్లుకి సెలవు పెట్టి, తెల్లచొక్కా తొడుక్కుని నాన్న చర్చికి వెళ్ళాడు. చివరి వరసలో కూర్చున్నాడు. తర్వాత జరిగింది ఆయన మాటల్లోనే రాస్తాను.

“అయ్యగారు చదివినాడమ్మాయ్. అందరూ మీ అమ్మ దిక్కు తిరిగి, అయ్యో అన్నారు. నా దిక్కు ఒక్కరు తిరగలా. ఏదో పొరపాటు పడ్డదిలే అని లేచి నిలబడ్డా. అయ్యగారు నన్ను చూసినాడు. చూసి కళ్ళు మూసుకుని, ఈ కుటుంబాన్ని ఆదరించు ప్రభువా అని ప్రార్థన మొదలుపెట్టినాడు. ప్రార్థన మధ్యలో కూర్చుంటే బాగోదని నిలబడే ఉన్నా.”

మరునాడు మిల్లులో పేర్లు పిలిచేటప్పుడు మేస్త్రీ ఖాదర్ వలి నాన్న పేరు పిలవలేదు. ఆయన మీ పత్రిక చందాదారుడు. నాన్న తన యంత్రం దగ్గరికి తనే వెళ్ళి సాయంత్రం దాకా పని చేసి వచ్చాడు. ఎవరూ పొమ్మనలేదు, రమ్మనలేదు.

నేను వెళ్ళిన శనివారం అన్నం దగ్గర అమ్మ రెండు పళ్ళాలు పెట్టింది. నాన్న మా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు.

“అమ్మా, నాన్నకి?”

అమ్మ గరిటె పట్టుకుని, నోటి దాకా వచ్చిన మాటేదో జారిపోయినట్టు ఆగింది. “అవును గదా” అని మూడో పళ్ళెం తెచ్చింది. వడ్డించేటప్పుడు ఆ పళ్ళెం దాటి నాకు వడ్డించింది. నా కూర నేనే ఆయనకి వేశాను.

మా అమ్మకి నాన్నంటే పడకపోవడం కాదండి. పెళ్ళయినప్పటి నుంచి ఆయన తినందే తినని మనిషి.

వెంటనే సవరణ వేయండి. ఆయన బతికి ఉన్నాడని ఒక్క లైను చాలు.

ఎస్తేరు



గుంటూరు,
12 అక్టోబరు 1999

ఎస్తేరుకు,

జరిగింది పొరపాటే. కానీ నువ్వు రాసింది చదివాక నాకు నీ మీదే బెంగ పట్టుకుంది. కథలు రాసేవాళ్ళకి చుట్టూ ఉన్నవి కథలాగే కనిపిస్తాయి. నాకూ నీ వయసులో అలా అయ్యేది. నలుగురూ కలిసి మీ నాన్నగారిని ఆటపట్టిస్తున్నారేమో. పోయాడన్న మనిషికి ఆయుష్షు పెరుగుతుందని మా ఇళ్ళల్లో అంటారు, ఆ మాట చెప్పి ఆయన్ని నవ్వించు.

సవరణ గురించి మా యజమాని శివరామకృష్ణ గారిని అడిగాను. “సొంత సంగతుల శీర్షికలో సవరణ వేస్తే రేపు ఏ జవాబు నమ్ముతారు?” అన్నారు. ఇంకోసారి అడుగుతాను. ఒప్పుకున్నా, నాలుగు వారాల సంగతి నీకు తెలుసు.

ఒక విషయం ముందే చెప్పాలి. ఇప్పుడు ప్రెస్సులో ఉన్న సంచికలో నాన్నగారు పోయిన రోజు గురించి నేనే రాసిన ఇంకో జవాబు ఉంది. నవంబరు ఆఖరి ఆదివారం అని వేశాను. దాన్ని ఆపడం నా చేతుల్లో లేదు.

సుబ్బరావమ్మ



చిలకలూరిపేట,
1 నవంబరు 1999

సుబ్బరావమ్మ గారికి,

ఆ జవాబు కూడా చర్చిలో చదివారు. మా వాళ్ళలో మనిషి పోయి ఏడాది తిరిగితే జ్ఞాపకార్థ కూడిక పెట్టి, పేరు చెక్కిన రాయి నిలబెడతారు. ఈ నెల ఇరవై ఎనిమిది, ఆఖరి ఆదివారం, మా నాన్నకి కూడిక పెట్టారు. భోజనాలకి పందిరి కూడా చెప్పారు. ఏడాది కిందట పూడ్చిన చోటు ఏదని ఎవరూ అడగలేదు. సమాధుల దగ్గర తుమ్మచెట్టు పక్కన ఒక చోటు శుభ్రం చేశారు. మా అమ్మ అక్కడికి వెళ్ళి ఏడ్చి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. అది ఆటపట్టించడం కాదండి.

నేను ఊరుకోలేదు. నిన్న ఆరాధనలో లేచి, నాన్న చెయ్యి పట్టుకుని నిలబెట్టి, “ఈయన మా నాన్న. ఇక్కడే ఉన్నాడు. చూడండి” అన్నాను. ముందు వరసలోంచి ఒక పెద్దామె వచ్చి నా తల నిమిరింది. “దిగులు పెట్టుకోబాకమ్మా. ఆయన ఎప్పుడూ నీతోనే ఉంటాడు” అంది. ఆ మాట అంటూ నాన్న కాలు తొక్కింది. నాన్న కాలు వెనక్కి తీసుకున్నాడు.

బయటికొచ్చాక అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివాడండి, నాకు పదో తరగతి పరీక్షలప్పుడు లాంతరు ఇచ్చి చదివించాడు. “అయ్యగారూ, అచ్చులో పడ్డది తప్పు” అన్నాను.

“తప్పయితే తప్పని అచ్చులో వస్తది గదమ్మా. వచ్చిన రోజున నేనే చదువుతా. అప్పటిదాకా నేనేం చెప్పేది?” అన్నాడు. అంటూ నుదురు రుద్దుకున్నాడు, ఏదో గుర్తు రానట్టు.

తర్వాత మిల్లుకి వెళ్ళాను. నాన్న అప్పటికే పనిలోకి వచ్చి, ఒక్కడే కూర్చుని చిన్న నల్లరాయికి తుది మెరుగు పెడుతున్నాడు. చెక్కిన అక్షరాల అంచులు వేలితో తడిమి చూస్తున్నాడు. ‘పి. జక్రయ్య. మహిమ ప్రవేశం: నవంబరు 1998’ అని ఉంది దాని మీద.

“మేస్త్రీ ఇది ఇక్కడ పెట్టిపోయినాడమ్మాయ్. మన పాలెం మనిషిదంట, బాగా చెయ్యాల” అన్నాడు. “ఎవరిదో పేరు చదువు.”

మా నాన్నకి చదువు రాదు. “దుమ్ము పడి కనపడట్లేదు నాన్నా” అన్నాను.

ఆయన నీళ్ళు పోసి, తువ్వాలతో తుడిచి, రాయి నా వైపు తిప్పి పట్టుకున్నాడు.

చదవలేకపోయాను. ఆయన నా మొహం చూశాడు, రాయి చూశాడు. మెల్లగా కింద పెట్టాడు. “నా కళ్ళజోడు యాడ పెట్టానో, అది ఉంటే నేనే చూసుకుందును” అని జేబులు తడుముకున్నాడు.

ఆయనకి కళ్ళజోడు ఎప్పుడూ లేదని మీకు రాశాను.

స్కూలు పక్కన బూత్ నుంచి మీ ఆఫీసుకి ఫోను చేశాను. పీరు గారనుకుంటాను, తీశారు. “మా నాన్న గురించి...” అనగానే “చదివానమ్మా. ధైర్యంగా ఉండండి” అని పెట్టేశారు.

ఆ కళ్ళజోడు ఎక్కడి నుంచి వచ్చింది? నవంబరు ఎక్కడి నుంచి వచ్చింది? నీలం తలుపు, తియ్యటి బావి ఎవరివి? నేను రాయలేదు. మీరైనా చెప్పండి.

ఎస్తేరు



గుంటూరు,
10 నవంబరు 1999

అమ్మా ఎస్తేరూ,

నీ ఉత్తరానికి జవాబు రాయకుండా నాలుగు రోజులు దాటేశాను. రాయకూడదనే అనుకున్నాను. నిన్న మీ నాన్నగారు మా ఆఫీసుకి వచ్చారు.

పొద్దున నేను వచ్చేసరికే వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. చెప్పుల మీద, చెవుల వెనక తెల్లటి రాతిపొడి. చేతిలో చిన్న కాగితం ముక్క. పీరుని పిలిచి “ఈయన ఎంతసేపటి నుంచి ఉన్నారు?” అన్నాను.

“ఎవరమ్మా?” అన్నాడు పీరు.

నేను వేలు పెట్టి చూపించాను. పీరు బెంచీ వంక చూసి, నా వంక చూసి, నా ఒంట్లో బాగాలేదనుకున్నట్టు కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. టీ రెండు తెమ్మంటే ఒకటే తెచ్చాడు. అది నేను ఆయనకిచ్చాను. సాసర్లో పోసుకుని తాగారు.

“అమ్మా, నేను జక్రయ్యనండి. ఎస్తేరు తండ్రిని. పోయానంట గదా.”

నేను కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాను.

“మీ మీద కోపంతో రాలేదమ్మా. మా వాళ్ళంతా ఏడుస్తున్నారు. ఎట్టా పోయినాడు, నొప్పి పడ్డాడా, ఆఖరున ఏమన్నాడు అని మా ఆడమనిషిని అడుగుతున్నారు. ఆమెకి తెలవదు. నాకూ తెలవదు. చెప్పేవాళ్ళు లేకపోతే బాగోదు గదా. మీరేమన్నా రాయిస్తారేమోనని వచ్చా.” ఆ కాగితం ముక్క నా చేతిలో పెట్టారు. మన కూపన్. అంచులు వంకర పోకుండా కత్తిరించి తెచ్చారు. “ఇది లేకపోతే ప్రశ్న తీసుకోరంట.”

పద్దెనిమిదేళ్ళ అలవాటు. కూపన్ తీసుకెళ్ళి, నా బల్ల మీద కాగితాలు గుచ్చే ముల్లుకి తగిలించి వచ్చాను. ఆయన తృప్తిగా లేచారు. లేచి జేబులు తడుముకున్నారు, బెంచీ కింద వంగి చూశారు. “కళ్ళజోడు పెట్టి మర్చిపోతున్నా ఈమధ్య” అన్నారు.

నువ్వు అడిగినదానికి జవాబు ఇదీ. నీలం తలుపు పొదిలిలో నేను పుట్టిన ఇంటిది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. తియ్యటి బావి మా పెరట్లోది, పూడ్చేశారు. పోయిన నవంబరు ఆఖరి ఆదివారం పోయింది మా నాన్న. నీ జవాబు పెద్దదైంది, కొట్టేశాను. ఖాళీ మిగిలింది. ప్రెస్సు వాళ్ళు నిలబడి ఉన్నారు. చేతికి ఏది వస్తే అది పెట్టి నింపాను. చేతికి వచ్చింది మా నాన్న. జేబులు తడుముకుని, వంగి కింద చూసే ఆ తీరు ఆయనది. నిన్న ఆ వరండాలో చూశాను.

శివరామకృష్ణ గారిని ఇక అడగను. మీ నాన్నగారి ప్రశ్నకి జవాబు నువ్వు రాసి పంపు. ఎంత పొడుగైనా సరే. అక్షరం మార్చను.

సుబ్బరావమ్మ



చిలకలూరిపేట,
17 నవంబరు 1999

సుబ్బరావమ్మ గారికి,

ఈ ఉత్తరం ఆలస్యం చేయడానికి లేదు. ఇవాళ జరిగింది రాస్తే మీకే అర్థమవుతుంది.

సాయంత్రం స్కూలు అయ్యాక దూది లారీ అడ్డంగా ఉంటే పక్క సందులోంచి గదికి వచ్చాను. చెప్పులు విప్పి, మొహం కడుక్కుని, పిల్లల నోటుపుస్తకాలు దిద్దడానికి కూర్చున్నాను. కాసేపటికి శ్రీదివ్య వచ్చింది.

“ఏంటే నీ పొగరు? మీ నాన్నగారితో గొడవ పడ్డావా?” అంది.

“ఎందుకు?”

“గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నేను కిరాణా కొట్టు నుంచి చూస్తూనే ఉన్నా. నువ్వు ఆయన పక్క నుంచే వచ్చావు. ‘అమ్మాయ్’ అని పిలిచారు కూడా. తల తిప్పకుండా లోపలికొచ్చేశావు.”

పరిగెత్తాను. గేటు దగ్గర ఎవరూ లేరు. “ఎక్కడే?” అన్నాను. వెనకే వచ్చిన శ్రీదివ్య నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, వేలు చాపింది. ఆ వేలు వెంట చూశాను. గోడ కనిపించింది. గోడ మీద సున్నం కనిపించింది. చాలాసేపు చూశాక, సున్నంలోంచి మెల్లగా తెల్లచొక్కా, దాని పైన మా నాన్న మొహం కనిపించాయి.

“పర్లేదమ్మాయ్. మీ అమ్మకి కూడా ఇట్టానే టైం పడతంది” అన్నాడు.

ఇప్పుడు నా ఎదురుగా మంచం మీద కూర్చుని ఉన్నాడు. రాస్తూ రాస్తూ ప్రతి రెండు లైన్లకీ తలెత్తి చూస్తున్నాను. శ్రీదివ్య ఆయనకి అన్నం పెట్టింది. ‘అంకుల్, ఇంకొంచెం పెరుగు’ అంటోంది. ఆమె మీ పత్రిక చదవనందుకు ఇవాళ దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

జవాబు ఇది. ఇలాగే వేయండి.

‘ప్రశ్న: నేను ఎట్టా పోయాను? – పి. జక్రయ్య, మార్టూరు.

జవాబు: మీరు పోలేదు నాన్నా. ఇంతకుముందు అచ్చులో పడ్డది మీ సంగతి కాదు. అది ఇంకో ఇంటి పెద్దాయన సంగతి, ఆయన్ని తలుచుకునే బిడ్డ ఒకరు ఉన్నారు. మీరు పొద్దున ఒక రొట్టె తిని, రెండోది తువ్వాలలో కట్టుకుని మిల్లుకి వెళ్తారు. మీ కళ్ళు బాగా కనిపిస్తాయి, దారం మీరే సూదిలోకి ఎక్కిస్తారు. మీకు అక్షరాలు రావు. నన్ను బడిలో వేసిన రోజు హెడ్మాస్టరు వేలిముద్ర అడిగితే, బొటనవేలి మీద రాతిపొడి పోయేదాకా కడుక్కుని మరీ వేశారు, నా కాగితం పాడవకూడదని. కోపం వస్తే మాట్లాడరు. నవ్వు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు, ముందుపన్ను లేదని. మీరు 1999 నవంబరులో బతికే ఉన్నారు. ఈ పేజీ చదువుతున్న మనుషుల మధ్యలోనే, చివరి వరసలో కూర్చుని ఉన్నారు. వెనక్కి తిరిగి చూడండి అని వాళ్ళని అడుగుతున్నాను.’

ఇది రాసి పైకి చదివాను. ఎవరి గురించో విన్నట్టు శ్రద్ధగా విన్నాడు. “మంచోడిలాగే ఉన్నాడు” అన్నాడు.

పత్రికలో వచ్చేదాకా ఆగితే కుదరదు. కూడిక ఇరవై ఎనిమిదో తారీఖు ఆదివారం. ఆ రోజే రాయి నిలబెడతారు. అది నిలబడ్డాక ఏం చదివినా వినే చెవులు ఉండవని నా భయం. పత్రిక అక్కర్లేదు. ఈ జవాబు పడిన పేజీ ఒక్క కాగితం, ప్రెస్సులో చూసుకోవడానికి తీస్తారే, అలాంటిది చాలు. అచ్చులో ఉంటే చదువుతానని అయ్యగారు మాట ఇచ్చాడు. ఆయన చేతికి నేనే ఇస్తాను. అంతవరకు నాన్నని ఇక్కడే ఉంచుకుంటాను. ఆయన ఎక్కడ కూర్చున్నారో శ్రీదివ్య నాకు చెబుతూ ఉంటానంది.

ఇరవై ఆరో తారీఖు శుక్రవారం లోపు నాకు మీ జవాబు, ఆ కాగితం అందాలి. ఎలాగైనా పంపండి. తర్వాత వస్తే దాన్ని చదువుతాను గానీ, మీరు ఎవరి గురించి రాశారో నాకు తెలియకపోవచ్చు.

ఎస్తేరు